స్క్రీన్ రీడరునకు అనుబంధములు వ్రాయుటకు ఏ భాష తగినది?

మన పాఠశాలలో చదివి, ఇప్పుడొక కార్యాలయమునందు లెక్కలు వ్రాయుచున్న పూర్వవిద్యార్థి యొకఁడు గత సంవత్సరము నాయొద్దకు వచ్చెను. అతనికి బాల్యమునుండియు చూపు లేదు. "మాస్టరుగారూ, మా లెక్కల ప్రోగ్రాములో ఆరు బొత్తాములున్నవి. నా స్క్రీన్ రీడరు ఆ యాఱింటిని 'బటన్, బటన్' అనియే చదువుచున్నది. ఏది పద్దును భద్రపఱచునో, ఏది తుడిచివేయునో నాకుఁ దెలియదు. దీనిని నేనే సరిచేసికొనవలెనన్న ఏ భాష నేర్వవలెను?" అని యడిగెను. "సీ ప్లస్ ప్లస్ నేర్చుకొనుము నాయనా, అది మిగుల బలమైనది" అని తొందరపడి చెప్పితిని. అతఁడు నాలుగు నెలలు రాత్రులయందు శ్రమించెను. బొత్తాములు మాత్రము పేరు పలుకలేదు. ఆ తప్పు నాది. తరువాత నేను నేర్చుకొన్న దానిని, అట్టి పొరపాటు మఱియొకరికి కలుగకుండుటకై, ఇచ్చట వ్రాయుచున్నాను.

1. స్క్రీన్ రీడరనఁగా నేమి?

కంప్యూటరు తెరమీఁది విషయమును మాటలుగా పలికియో, బ్రెయిలు చుక్కలుగా వ్రేళ్లకందించియో అంధులకు తెలుపు ప్రోగ్రాము స్క్రీన్ రీడరు. అది తెరను బొమ్మవలె చూడదు. ప్రతి బొత్తామునకును, ప్రతి గడికిని పేరేమి, పని యేమి, స్థితి యేమి యని ఆయా ప్రోగ్రాములను అడిగి తెలిసికొనును. ప్రోగ్రామును వ్రాసినవాఁడు బొత్తామునకు పేరు పెట్టనిచో స్క్రీన్ రీడరు "బటన్" అని మాత్రమే చెప్పఁగలదు. ఆ కొఱఁతను తీర్చుటకు స్క్రీన్ రీడరునకు జతపఱచెడి చిన్న ప్రోగ్రామును అనుబంధము, అనఁగా ఆడాన్, అందురు.

2. భాషను నిర్ణయించునది యెవరు?

ఈ ప్రశ్నకు ఉత్తరము నాకు మొదట తెలియలేదు. అనుబంధపు భాషను మన యిష్టము నిర్ణయింపదు; స్క్రీన్ రీడరే నిర్ణయించును. తాళమును చూచి తాళపుచెవిని చేయింతుము గాని, చెవిని చేయించి తాళమును వెదకము గదా!

జాస్ అను స్క్రీన్ రీడరును అమెరికా దేశస్థుఁడైన టెడ్ హెంటరు ప్రారంభించెను. ఆయన 1978లో మోటారు ప్రమాదమున చూపు కోల్పోయినవాఁడు. జాస్ 1989లో డాస్ కంప్యూటర్లకు వెలువడెను. దానికి ప్రత్యేకమైన స్క్రిప్టు భాష గలదు. వెలయిచ్చి కొనవలసిన జాస్‌ను వాడు కార్యాలయములలో ఆ భాష మిక్కిలి యుపయోగకరము. అయినను జాస్‌ను దాటిన వెనుక దానికి వేఱొకచోట పని లేదు.

ఎన్వీడీఏ అను స్క్రీన్ రీడరును ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కర్రన్ 2006లో ఆరంభించెను. జేమ్స్ టే ఆయనతో చేరెను. ఇరువురును అంధులే. ఇది ఉచితము, దీని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. ఇందలి అధికభాగము పైథాను భాషలో వ్రాయఁబడినది. అనుబంధములును పైథానులోనే వ్రాయవలెను. ఇతర ప్రోగ్రాముల లోపలికి చొచ్చి వేగముగా పనిచేయవలసిన భాగములు మాత్రము సీ ప్లస్ ప్లస్‌లో నున్నవి. లినక్సు కంప్యూటర్లలోని ఆర్కా యను స్క్రీన్ రీడరు కూడ పైథానులోనే వ్రాయఁబడినది.

విండో ఐస్ అను స్క్రీన్ రీడరు పలు భాషలలో స్క్రిప్టులు వ్రాయనిచ్చెడిది. అది 2017లో నిలిపివేయఁబడినది. దానికై వ్రాసిన స్క్రిప్టులకు ఆధారము పోయెను. ఇతరత్ర వాడుకగల భాషను నేర్చినవారికి ఆ విద్య మాత్రము మిగిలెను.

3. పైథాను గుణదోషములు

పైథానులో ఏ వాక్యము దేనికి లోఁబడునో పంక్తి మొదట విడిచిన ఖాళీ చేతనే తెలియును. చూపున్నవారికిది సులభము. చూపులేనివారికి ఖాళీ వినఁబడదు గదా యని కొందఱు సందేహింతురు. ఎన్వీడీఏలో దీనికొక యమరిక గలదు: పంక్తి యెంత లోపలికి జరిగినదో మాటలతోనైనను, స్వరపు హెచ్చుతగ్గులతోనైనను తెలుపును. చెవికి అలవాటైన పిదప ఖాళీయే గుర్తగును.

ఎన్వీడీఏ ఆజ్ఞా మీటతో కంట్రోలు, జెడ్ అను మీటలను కలిపి నొక్కినచో పైథాను వాక్యములను అప్పటికప్పుడే పరీక్షింపఁదగిన కిటికీ తెఱచుకొనును. సీ ప్లస్ ప్లస్‌లోవలె ముందుగా ప్రోగ్రామునంతను యంత్రభాషలోనికి మార్చి వేచియుండ నక్కఱలేదు.

దోషమును దాఁపరాదు. 2020 జనవరి 1వ తేదీతో పైథాను రెండవ తరమునకు మద్దతు ముగిసెను. ఆ సంవత్సరారంభముననే ఎన్వీడీఏ మూఁడవ తరమునకు మాఱెను. పాత అనుబంధములను దిద్దవలసి వచ్చెను. కావున అనుబంధమును ఒకసారి వ్రాసి విడిచిన చాలదు, కనిపెట్టుచుండవలెను. మఱియు అనుబంధము స్క్రీన్ రీడరు చేయఁగల పనులన్నియు చేయఁగలదు. కావున ఎఱుఁగనివారిచ్చిన దానిని చేర్చుకొనరాదు.

4. పని జరిగిన విధము

ఈ సంగతులు తెలిసికొని నేను ఆ యువకుని పిలిపించి, "నాయనా, నీవు వాడు స్క్రీన్ రీడరేది?" యని యడిగితిని. "ఎన్వీడీఏ" యనెను. మొదటి దినముననే యడుగవలసిన ప్రశ్న యది! నా తప్పు నొప్పుకొంటిని. అతఁడు నవ్వి, "నేర్చినది యెక్కడికిఁ బోవును మాస్టరుగారూ" యనెను.

ఎన్వీడీఏలో ఒక్క ప్రోగ్రామునకు మాత్రమే చెందిన భాగమును ఆ ప్రోగ్రాము దస్త్రపు పేరుతోనే వ్రాసి యుంచవలెను. ఆ ప్రోగ్రాము తెరవఁబడినప్పుడు ఆ భాగము తనంతట మేల్కొనును. అతఁడు ప్రతి బొత్తామునకు కంప్యూటరు లోపల నుండు గుర్తుసంఖ్యను కనుఁగొని, ఈ సంఖ్యకు ఈ పేరు అని ఆఱు పేర్లను జతపఱచెను. వ్రాఁత నలువది పంక్తులకు మించలేదు. ఆఱు వారములలో బొత్తాములు "భద్రపఱచు", "తుడిచివేయు" అని పలికినవి. అంతకుముందు తుడిచివేయుదునేమోయను భయముచే పద్దును ముగింపక పొరుగువానిని పిలుచుచుండినవాఁడు, ఇప్పుడు తన లెక్కను తానే ముగించుచున్నాఁడు.

ముగింపు

విద్యార్థులారా, ఏ భాష గొప్పదని మొదట అడుగకుఁడు. పని యేది, పనిముట్టేది, దాని వాడువారెవరు అని అడుగుఁడు. ఎన్వీడీఏ వాడువారు పైథాను నేర్వవలెను. జాస్ తప్పనిసరియైన కార్యాలయమున నున్నవారు దాని స్క్రిప్టు భాష నేర్వవలెను. వేగమునకై అవసరము కలిగినప్పుడు సీ ప్లస్ ప్లస్ నేర్వవచ్చును.

యెరికో త్రోవప్రక్కను కూర్చుండిన బర్తిమయి గ్రుడ్డివాఁడని అందఱికిని తెలిసియే యున్నది. అయినను ప్రభువు అతనికేమి కావలెనో ముందుగా అతనినే యడిగెను. సహాయము చేయఁబూనిన మనమును ఆ క్రమమును తప్పకుందుము గాక.