పిల్లల శరీరం కూడా అమానతే

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వారి చదువు, నమాజు, నడవడిక గురించి మనం ఎంతో ఆలోచిస్తాం. వారి శరీరం కూడా ఆ అమానతులో భాగమేనన్న సంగతి మాత్రం మరచిపోతాం. ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారి గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

బొద్దుతనమంతా ఆరోగ్యం కాదు

బిడ్డ బొద్దుగా ఉంటే మన ఇళ్ళలో పెద్దలు మురిసిపోతారు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో 5 నుంచి 19 ఏళ్ళ వయసువారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. వారిలో 16 కోట్ల మంది స్థూలకాయులు. ఇలాంటి పిల్లలకు చిన్న వయసులోనే మధుమేహం, రక్తపోటు, కాలేయంలో కొవ్వు పేరుకోవడం వంటి బాధలు వచ్చే ప్రమాదం ఉంది.

దస్తర్‌ఖాన్ దగ్గరే తొలి పాఠం

దైవప్రవక్త (స) ఇంట పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) బాల్యంలో భోజనం చేస్తూ పళ్ళెమంతా చేయి తిప్పేవారు. అల్లాహ్ పేరుతో మొదలుపెట్టమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నదే తినమని ప్రవక్త (స) ఆయనకు నేర్పారు. ఈ శిక్షణ జరిగింది అన్నం ముందు, పక్కన కూర్చున్న పెద్దల సమక్షంలో. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? పిల్లవాడి చేతిలో సెల్‌ఫోన్, నోట్లో ముద్ద! కడుపు నిండిన సంగతి వాడికే తెలియదు.

కావున కనీసం ఒక పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి తిందాం. వద్దన్న బిడ్డకు మరో ముద్ద బలవంతంగా పెట్టవద్దు. ఏడుపు మాన్పించడానికి చాక్లెట్, చిప్స్ పొట్లం చేతిలో పెట్టవద్దు. చిన్న కూల్‌డ్రింకు సీసాలోనే సుమారు ఏడెనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. దాని బదులు మంచినీళ్ళు, పలచని మజ్జిగ ఇవ్వవచ్చు. పిల్లవాడిని ఒక్కడినే పత్యం పెట్టి, మనం వాడి ముందు మిఠాయి తినడం న్యాయం కాదు. ఇంటి అలవాటే మారాలి. ఎదిగే పిల్లలను పస్తులుంచడం తప్పు. బరువు మరీ ఎక్కువైతే వైద్యుణ్ణి సంప్రదించాలి.

తినండి, తాగండి, కాని మితిమీరవద్దు అన్నది ఖుర్ఆన్ బోధన (7:31). రమజాన్ నెలలో ఇఫ్తార్ వేళ ఈ బోధనను మరింత గుర్తుంచుకోవాలి. ఖర్జూరం, పండ్లతోపాటు వేపుళ్ళు, షర్బత్‌లు ప్రతిరోజూ కుప్పలు పోయడం ఉపవాస స్ఫూర్తికి తగదు.

మొహల్లా బాధ్యత

5 నుంచి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాలు శరీరం అలిసే ఆట, శ్రమ అవసరం. ఇరుకు సందుల్లో ఉండే పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? అసర్ తర్వాత కాసేపు మద్రసా ఆవరణను, బడి మైదానాన్ని వారి కోసం తెరవడం మస్జిదు కమిటీలకు, బడి పెద్దలకు కష్టమేమీ కాదు. ఆడపిల్లలను మరువరాదు. దైవప్రవక్త (స) తమ సతీమణి ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని మనం చదువుకున్నాం. మన కూతుళ్ళకు కూడా ఆడుకునే చోటు, సమయం కల్పించాలి.

కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న తినుబండారాలను బడి ప్రాంగణంలోనూ, గేటు నుంచి 50 మీటర్లలోపునా పిల్లలకు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. తల్లిదండ్రులు కలిసి వెళ్ళి అడిగితే బడివారు పట్టించుకుంటారు.

చివరిగా ఒక మాట. లావుగా ఉన్న బిడ్డను 'మోటూ' అని పిలవడం మనకు సరదా కావచ్చు. ఆ పసి మనసుకు అది గాయం. సిగ్గుతో ఆ బిడ్డ ఆటకు దూరమైతే బరువు ఇంకా పెరుగుతుంది. ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని ఖుర్ఆన్ స్పష్టంగా నిషేధించింది (49:11). మన బిడ్డకు మన తోడు కావాలి, వెక్కిరింత కాదు.

మన సంతానానికి ఆరోగ్యాన్ని, మనకు ఈ అమానతును కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.