మొండి తాడిని కొట్టే ముందు

రోహిణి కార్తె వచ్చిందంటే చేను బాగుచేసే పనులు ఊపందుకుంటాయి. గట్ల మీద కంప నరకడం, మోడుబారిన చెట్లు కూల్చడం అన్నీ ఈ రోజుల్లోనే. గోరింకలు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకేదీ ఇప్పుడే. ఏప్రిల్‌లో మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. అందుకే గొడ్డలి ఎత్తే ముందు ఆ మోడుకు తొర్ర ఉందేమో, అందులో కాపురం ఉందేమో చూడండి.

గోరింక తొర్ర తొలుచుకోలేదు. వడ్రంగి పిట్టో కంసాలి పిట్టో తొలిచి వదిలేసింది కావాలి. లేదంటే కొమ్మ విరిగి పుచ్చినచోటు, బావి గోడలో రాయి ఊడిన సందు, ఇంటి చూరు. చిలకలతో కొట్లాడి మరీ చోటు సంపాదిస్తుంది. గడ్డి, ఈకలు, గుడ్డపేలికలు, ప్లాస్టిక్ ముక్కలు, ఒక్కోసారి పాము కుబుసం కూడా లోపల పేరుస్తుంది. నీలం గుడ్లు 4 నుంచి 6 పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని రెండున్నర వారాలు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు, మూడున్నర వారాలు.

ముక్కున గడ్డిపోచతో దూరుతుంటే గూడు ఇంకా కడుతోందన్నమాట. పురుగుతో దూరుతుంటే లోపల పిల్లలున్నట్టే. అవి ఎగిరిపోయేదాకా ఆ మోడు జోలికి పోకండి.

తొలకరి దుక్కిలో నాగలి వెంట నడిచేది ఈ పిట్టే. మట్టిలోంచి బయటపడ్డ వేరుపురుగుల్నీ, లద్దెపురుగు కోశాల్నీ ఏరుకుని పిల్లలకు మోస్తుంది. రాత్రిళ్లు లైట్లేసి ట్రాక్టరుతో దున్నిస్తే ఈ సాయం అందదు. వీలైతే తెల్లవారాకే దున్నించండి. మిడతల పీడ వదిలించుకోవడానికి మారిషస్‌కు 1762లో మన దేశం నుంచే గోరింకల్ని పట్టుకెళ్లారు. తర్వాత ఆస్ట్రేలియా లాంటి చోట్ల అవి అక్కడి పిట్టల తొర్రలు ఆక్రమించి బెడదగా మారాయి. ఆ గొడవ మనకు లేదు.

కొబ్బరి తోటల్లో మాత్రం పిల్లలు ఎగిరిపోయాక మోడును ఉంచకూడదు. చచ్చిన కొబ్బరి మొద్దు కుళ్లితే కొమ్ము పురుగు అందులోనే పెరుగుతుంది. పిల్లలు ఎగిరిపోగానే కొట్టేసి, మొద్దును తోటలోంచి తీసేయండి. బదులుగా రెండున్నర అంగుళాల రంధ్రమున్న చెక్కపెట్టెను పది అడుగుల ఎత్తున, పిల్లి అందుకోని చోట బిగించండి. ఇంటి మీదికో కరెంటు తీగల మీదికో వాలిన చెట్టయితే ఆగనక్కర్లేదు.

జామ, ద్రాక్ష తోటలకు గోరింకతో నష్టం ఉన్నమాట నిజమే. కాయ పండుబారే వేళకు వలలు కట్టుకోండి. మందు పట్టించిన విత్తనం విత్తేటప్పుడు గింజలు పైన మిగలకుండా మట్టి కప్పేయండి, పిట్టలు తింటే చస్తాయి.