పుట్ ఆఫ్ బదులు పోస్ట్‌పోన్ అనొచ్చా?

ప్రశ్న: నిఘంటువులో పుట్ ఆఫ్‌కు పోస్ట్‌పోన్, డిలే, డిఫర్ అనే అర్థాలిచ్చారు. ఏది వాడినా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు. పని వెనక్కి జరగడానికి కారణం ఎవరు, ఏమిటి అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. 2020లో జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్‌ను నిర్వాహకులు 2021కి మార్చారు, అది పోస్ట్‌పోన్. పొగమంచుకు రైలు ఆలస్యమైతే డిలే. అక్కడ ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. చెల్లింపులు, అడ్మిషన్ల వంటి వ్యవహారాల్లో డిఫర్ ఇముడుతుంది. పుట్ ఆఫ్ మాటల్లో చనువుగా దొర్లేది. పంటి డాక్టరు దగ్గరికి రేపు, ఎల్లుండి అంటూ రోజులు నెట్టేవాడికి అదే సరిపోతుంది. అన్నిసార్లూ కాకపోయినా, అందులో మనసొప్పని తనం తొంగిచూస్తుంది. ప్రోక్రాస్టినేట్ అయితే ఆ బద్ధకాన్ని నేరుగా ఎత్తిచూపుతుంది.

మ్యాచ్ వాయిదా పడితే ఇంగ్లిష్ పత్రికలు కూడా పుట్ ఆఫ్ అని రాస్తాయిగా అని మీరు అడగొచ్చు. నిజమే, శీర్షికలో చోటు తక్కువ, అర్థమూ చెడదు. అయినా ఆఫీసు నోటీసులో పోస్ట్‌పోనే మేలు. అసలు తేడా కర్మస్థానంలో మనిషి వచ్చినప్పుడు బయటపడుతుంది. ఘాటు వాసన ఒకరిని పుట్ ఆఫ్ చేసిందంటే ఆ తిండి మీద విముఖత కలిగించిందని. అక్కడ పోస్ట్‌పోన్ పెట్టి చూడండి, మనిషే వాయిదా పడతాడు!