పెరటి సేద్యం

నల్లమల కొండల పాదాన వెలసిన మహానందిలో కోనేటి ఊటనీరు ఏడాది పొడవునా పారి, అరటితోటలను తడుపుతుంది. ఆ భాగ్యం రాయలసీమలోని అన్ని ఊళ్లకూ లేదు. బిందెడు నీటికై వెదకే ఇంట పెరటి సేద్యం సాధ్యమా? సాధ్యమే. దానికి ధనం కన్న పొదుపు ముఖ్యం.

పగిలిన కుండ, చిల్లుపడిన బకెట్టు మొక్కలకు తొట్లవుతాయి. మిగులు నీటిని వెడలనిచ్చే ఆ చిల్లే వేళ్లు కుళ్లకుండా కాపాడుతుంది. బియ్యం కడిగిన నీరు పోసి, మొదట ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు.

వంగకు పురుగు పట్టినంతనే విషపు మందు చల్లితే, ఆ విషం మన విస్తరికే చేరవచ్చు. లీటరు నీటిలో 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బునీరు కలిపి సాయంవేళ చల్లాలి. వేపలోని అజాడిరక్టిన్ పురుగుల ఆకలిని, ఎదుగుదలను అణచుతుంది.

నీటిచుక్కను, పగిలిన కుండను వృథా పోనీయని ఇంట కూరకు కొదువ ఉండదు.