పడ్డవాళ్ళ స్నేహం: 'జాకాస్' చిత్రాలు - ఒక పరిశీలన

అరటి తొక్క మీద కాలేసి జారిపడినవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పడినవాడు మన స్నేహితుడైతే ఆ నవ్వు రెట్టింపవుతుంది. కాని నవ్వుతూనే చెయ్యందిస్తాం. ఈ రెండు పనులూ ఒకేసారి ఎలా చేయగలుగుతున్నాం? ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి 'జాకాస్' అనే అమెరికన్ చిత్రాల వరుసను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పెద్దలు ముక్కున వేలేసుకునే చిత్రాలివి. 'జాకాస్' అంటే గాడిద. తిట్టుగా వాడితే శుద్ధ మొద్దు. తమ సంగతేమిటో పేరులోనే చెప్పేసుకున్నారు. జానీ నాక్స్‌విల్, జెఫ్ ట్రెమెయిన్, స్పైక్ జోన్జ్ అనే ముగ్గురు కలిసి దీన్ని 2000 అక్టోబరులో ఎం.టి.వి.లో ధారావాహికగా ప్రారంభించారు. తరువాత ట్రెమెయిన్ దర్శకత్వంలోనే 2002, 2006, 2010, 2022 సంవత్సరాలలో నాలుగు ప్రధాన చిత్రాలు వచ్చాయి. వాటిలో కథంటూ ఏమీ ఉండదు. డూపు అసలే ఉండడు. ఎవరి దెబ్బ వాళ్ళే తినాలి. ఎద్దుకు ఎదురు నిలబడతారు, మెట్ల మీద నుంచి దొర్లుతారు, ఒకరినొకరు ఏమరుపాటున పడేస్తారు.

"ఇందులో ఏముందండీ చూడడానికి?" అని అడగవచ్చు. మన నాట్యశాస్త్రం హాస్యాన్ని రెండు విధాలుగా విభజించింది. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. మామూలు హాస్య చిత్రంలో నటుడు గంభీరంగా ఉంటాడు, నవ్వడం ప్రేక్షకుడి వంతు. 1928లో 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' చిత్రంలో ఇంటి గోడ మొత్తం మీద పడినా బస్టర్ కీటన్ ముఖంలో చలనం లేదు. జాకాస్ బృందం 2006 చిత్రం చివర ఆ గోడ దృశ్యాన్నే గుర్తుచేస్తూ తమ గురువుకు నమస్కారం పెట్టుకుంది. అయితే వీళ్ళ పద్ధతి వేరు. ఇక్కడ కెమెరా పడినవాడి దగ్గరే ఆగిపోదు. చుట్టూ పొట్ట పట్టుకుని నవ్వుతున్న మిత్రులను కూడా చూపిస్తుంది. పడినవాడు సైతం మూలుగుతూనే నవ్వుతాడు. ఆత్మస్థం, పరస్థం రెండూ ఒకే చోట కలుస్తాయి. మనం దెబ్బను చూసి నవ్వుతున్నామనుకుంటాం గాని, నిజానికి వాళ్ళ నవ్వు చూసే నవ్వుతున్నాం.

ఇక కాలం సంగతి. 2002 చిత్రం ముగింపులో వీళ్ళంతా తెల్లవిగ్గులు, ముడతల మేకప్పులతో ముసలివాళ్ళ వేషం వేశారు. అప్పుడది ఒక తమాషా. 2010 చిత్రంలో చివరి పేర్లు పడేటప్పుడు వాళ్ళ చిన్ననాటి ఫోటోలు, పాత రోజుల దృశ్యాలు కనిపిస్తాయి. 2022 చిత్రానికి వచ్చేసరికి నాక్స్‌విల్ తలకు విగ్గు అక్కరలేకపోయింది. జుట్టు నిజంగానే నెరిసింది. ఆ చిత్రం కోసం 2020లో ఎద్దు ఎత్తి పడేసినప్పుడు అతని మణికట్టు, పక్కటెముక విరిగాయి. మెదడులో రక్తస్రావం కూడా అయింది. అప్పటికి వయసు 49. ఇరవయ్యేళ్ళ నాటి ప్రేక్షకుడు ఆ దృశ్యం చూసి నవ్వబోయి ఒక్క క్షణం ఆగిపోతాడు. తన వయసు కూడా గుర్తుకొస్తుంది. గతం మీది బెంగ అంటే ఇదే. పాత ఆటే, ఆడేవాళ్ళూ వాళ్ళే, ఒంట్లో ఎముకలు మాత్రం పాతబడ్డాయి.

ఈ స్నేహానికి అసలు పరీక్ష మాత్రం కెమెరా లేనిచోట జరిగింది. బృందంలోని స్టీవ్-ఓ మత్తు పదార్థాలకు బానిసై ప్రాణం మీదికి తెచ్చుకున్నప్పుడు, 2008 మార్చిలో నాక్స్‌విల్, తదితర మిత్రులే అతన్ని బలవంతాన ఆసుపత్రిలో చేర్పించారు. ఆ తరువాత అతడు మత్తు మానేసి, 2010, 2022 చిత్రాలలో తెలివితోనే దెబ్బలు తిన్నాడు. ర్యాన్ డన్‌కు ఆ అదృష్టం దక్కలేదు. వెండితెర మీద ఎన్ని ప్రమాదాలు దాటినా, 2011 జూన్ 20న పెన్సిల్వేనియాలో తాగి కారు నడిపి, 34వ ఏట మరణించాడు. కారులో ఉన్న మరో మిత్రుడూ పోయాడు. బామ్ మార్జెరాను 2020లో చిత్రం నుంచి తొలగించారు. వ్యవహారం కోర్టుకెక్కి 2022లో రాజీతో ముగిసింది. అంటే ఈ స్నేహం మచ్చలేనిదేమీ కాదు. కొందరిని నిలబెట్టుకుంది, కొందరిని పోగొట్టుకుంది.

ఇందులో మెచ్చుకోరానిది కూడా ఉంది. 2001లో కనెక్టికట్ రాష్ట్రంలో 13 ఏళ్ళ బాలుడొకడు ఈ ధారావాహికను అనుకరించబోయి ఒళ్ళు కాల్చుకున్నాడు. సెనేటర్ జోసెఫ్ లీబర్‌మన్ దీన్ని తీవ్రంగా విమర్శించారు. "ఇలాంటివి మీరు చేయకండి" అన్న హెచ్చరిక తెర మీద ఎన్నిసార్లు వేసినా, కుర్రకారు చెవికెక్కేది తక్కువ.

హాస్టళ్ళలో ఉండే మనకు ఇక్కడొక తేడా తెలియాలి. "సరదాకి చేశాం" అనే మాట ర్యాగింగ్ చేసేవాడి నోట కూడా వింటాం. అయితే జాకాస్ బృందంలో వంతులుంటాయి. ఇవాళ నవ్వినవాడు రేపు పడతాడు. నాయకుడైన నాక్స్‌విలే అందరికంటే ముందు ఎద్దుకు ఎదురెళతాడు. ర్యాగింగులో వంతు లేదు. ఎప్పుడూ పడేది కొత్తవాడే, ఎప్పుడూ నవ్వేది పాతవాడే. తన వంతు రాదని తెలిసి నవ్వే నవ్వు హాస్యం కాదు, హింస.

పడ్డవాడు చెడ్డవాడు కాడంటారు మనవాళ్ళు. పక్కన నిలబడి నవ్వినవాడు మంచివాడా, కాదా అన్నది మాత్రం నవ్వు ఆగిన తరువాత తేలుతుంది. ఇంకొన్ని నెలల్లో మనలో చాలామంది ఈ కాలేజీ గేటు దాటి తలోదిక్కూ పోతాం. ఇరవయ్యేళ్ళ తరువాత కలుసుకుంటే ఏ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో గుర్తుండకపోవచ్చు. మనం పడినప్పుడు నవ్వినవాళ్ళు, నవ్వుతూనే లేవదీసినవాళ్ళు మాత్రం తప్పకుండా గుర్తుంటారు. ఆ రెండో జాబితాలో మన పేరు కూడా ఉండేట్లు చూసుకుంటే చాలు.