వరిలో జన్యువుకు గుర్తు: ఎండు తెగులును తట్టుకునే సాంబ మసూరి

పీయూసీలో జీవశాస్త్రం తీసుకున్న మన విద్యార్థులు డీఎన్ఏ గురించి చదివే ఉంటారు. ఆ చదువు పొలం దాకా ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి హైదరాబాదులో జరిగిన ఒక పని మంచి ఉదాహరణ. నేను చదివింది బి.కాం. కనుక లెక్కల దారిలో చెబుతాను.

సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సన్నరకం. కర్ణాటకలోనూ పండిస్తారు. మన నంది, చింతామణి వైపు రాగిముద్దే ప్రధానమైనా పెళ్లి భోజనానికి సన్నబియ్యమే కావాలి కదా! ఈ రకానికి పెద్ద శత్రువు బాక్టీరియా ఎండు తెగులు. ఆకు అంచుల నుంచి పసుపు తిరిగి ఎండిపోతుంది. గాలివాన వస్తే మడి నుంచి మడికి పాకుతుంది. మందు కొట్టి అదుపు చేయడం చాలా కష్టం. పంట ఎండినా అప్పు మీద వడ్డీ ఎండదని బ్యాంకులో పనిచేసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి రక్షణ విత్తనంలోనే ఉండాలి.

ఈ తెగులును తట్టుకునే జన్యువులు వేరే వరి రకాల్లో ఉన్నాయి. వాటిలో ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడింటిని ఎంచుకున్నారు. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. మూడూ ఉన్న ఎస్ఎస్ 1113 అనే వరిని దాతగా తీసుకుని సాంబ మసూరితో సంకరం చేశారు. పుట్టిన మొక్కలో సాంబ మసూరి పాలు సగమే. దాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపితే ఆ పాలు సగటున 75, 87.5, 93.75 అవుతూ నాలుగోసారికి 96.875 శాతానికి చేరుతుంది. బియ్యం రుచి, సన్నదనం పోకుండా ఉండాలంటే ఇదే మార్గం.

చిక్కు ఇక్కడే ఉంది. ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అంతర్గత జన్యువులు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ వస్తేనే పనిచేస్తాయి. సంకరపు మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది కనుక తెగులు అంటించి చూసినా జాడ తెలియదు. పైగా ఎక్స్ఏ21 ఒక్కటే మొక్కను కాపాడుతుంటే మిగతా రెండూ ఉన్నాయో లేదో ఎవరు చెప్పగలరు?

అందుకు వచ్చిందే మార్కర్. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ‘గుడి పక్కిల్లు’ అని ఆనవాలు చెబుతాం. అలాగే జన్యువును అంటిపెట్టుకుని ఉండే, తేలికగా గుర్తుపట్టగల డీఎన్ఏ భాగమే మార్కర్. చిన్న మొక్క నుంచి కాస్త ఆకు తుంచి, డీఎన్ఏ తీసి, పీసీఆర్‌తో ఆ భాగాన్ని పెంచి, జెల్ మీద గీతలు చూస్తారు. పంట దాకా ఆగనక్కరలేదు.

ఈ మూడు జన్యువులు 11, 8, 5 క్రోమోజోముల మీద విడివిడిగా ఉన్నాయి. కనుక ప్రతి తిరుగు సంకరంలో మూడూ ఉన్న మొక్క సగటున 8లో ఒకటి. చివర స్వపరాగ సంపర్కం చేసినప్పుడు మూడింటికీ రెండేసి ప్రతులున్నది 64లో ఒకటే. ఆ ఒక్కదాన్ని పట్టించేది మార్కరే.

సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కలిసి ఇలా తయారుచేసిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. డాక్టర్ రమేష్ సొంటి, డాక్టర్ ఆర్.ఎం. సుందరం ఈ కృషిలో ముఖ్యులు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరంతో వచ్చినదే. హైబ్రిడ్ కూడా కాదు కనుక రైతు తన వడ్లనే మరుసటి ఏడు విత్తనంగా వాడుకోవచ్చు. అయితే అగ్గి తెగులుకు ఈ మూడు జన్యువులు అడ్డు కావు. దానికి వేరే జన్యువులు చేర్చాలి.

అలా మరో క్రోమోజోము మీదున్న నాలుగో జన్యువును కూడా కలపదలిస్తే, చివరి దశలో ఎన్ని మొక్కల్లో ఒకటి పనికివస్తుందో విద్యార్థులు లెక్క వేసి చూడండి.