క్రిస్టఫర్ ఫ్రాంకె సంగీతము

టెలివిజన్‌లో కథ ముగిసి, పనిచేసినవారి పేళ్లు తెరపై పైకి పోవుచుండగా కూర్చుండి చదువువారు మిక్కిలి అరుదు. నటుల పేళ్లు మనకు ముందే తెలియును. కథ వ్రాసినవాని పేరు కొందరడుగుదురు. సంగీతము కూర్చినవాని పేరు మాత్రము అడుగువారు లేరు. అయినను ఆ కథలో మనము వెరచిన చోటను, కంటతడి పెట్టిన చోటను మన హృదయమును ముందుగా సిద్ధపరచినవాడు అతడే. అట్టివారిలో ఒకరిని గూర్చి ఈ సంచికలో వ్రాయదలచితిమి. ఆయన క్రిస్టఫర్ ఫ్రాంకె అను జర్మనీ దేశస్థుడు. 1994 మొదలు 1998 వరకు అమెరికాలో ప్రసారమైన ‘బాబిలోన్ 5’ అను టెలివిజన్ కథకు సంగీతకర్త.

ఈయననే ఎన్నుకొనుటకు ఒక కారణము గలదు. మన విద్యార్థులలో పలువురు నేడు చిన్న కీబోర్డుపై ఒక మీట నొక్కి తాళమును, మరియొక మీట నొక్కి వాద్యమేళమును తెప్పించుకొనుచున్నారు. అది చూచి తలిదండ్రులు, యంత్రము వాయించుచుండగా ఇక వీడు వాయించునదేమి అని అడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని త్రోసిపుచ్చుట మాకు తగదు. ఆ యంత్రములు పుట్టిన క్రొత్తలో వానితో కుస్తీపట్టిన వారిలో ముఖ్యుడు ఫ్రాంకె. కనుక ఆయన చేసిన పనిని చూచి సమాధానము వెదకుదము.

ఫ్రాంకె 1953లో బెర్లిను నగరమున జన్మించెను. మొదట ఆయన చేతనున్నవి డ్రమ్ములు. బాల్యము దాటీదాటకముందే ‘ఆజిటేషన్ ఫ్రీ’ అను యువకుల బృందములో డ్రమ్ములు వాయించెను. ఆ కాలమున స్విట్జర్లాండు దేశీయుడగు థామస్ కెస్లరు అను స్వరకర్త పశ్చిమ బెర్లినులో పడుచువారికొరకు ఒక ధ్వనిశాలను నడుపుచుండెను. తెలిసిన పాటలను మరల వాయించుటకాక, వినని ధ్వనులను వెదకుట అచ్చట నేర్పబడెను. తరువాత పేరుపొందిన పలువురు బెర్లిను వాద్యకులు ఆ గదిలో సాధన చేసినవారే. గురువు పేరు లోకమునకు తెలియదు, శిష్యుల పేళ్లు తెలిసినవి. ఇది ఉపాధ్యాయవృత్తిలోని వారికి క్రొత్తసంగతి కాదు.

‘టాంజరిన్ డ్రీమ్’ అను బృందమును ఎడ్గార్ ఫ్రోజె 1967లో స్థాపించెను. ఫ్రాంకె ఇంచుమించు 18 ఏండ్ల ప్రాయమున అందు చేరెను. 1971లో వెలువడిన ‘ఆల్ఫా సెంటారీ’ ఆయన పాల్గొన్న మొదటి ఆల్బము. పిదప పీటర్ బౌమన్ అను మరియొక యువకుడు వచ్చి చేరెను. 1972లో ‘జైట్’, 1973లో ‘ఆటెమ్’ వెలువడినవి. ‘జైట్’ అనగా జర్మను భాషలో కాలము. అందు తాళమనునది దాదాపు లేదు. దీర్ఘముగా సాగు నాదములు తప్ప పట్టుకొనుటకు ఏమియు దొరకదు. మొదటిసారి వినువానికి ఓర్పు చాలదని మేము నిర్మొహమాటముగా చెప్పుచున్నాము. మరి తాళము లేని మేళములో డ్రమ్ములవాడు చేయవలసిన పని ఏమి? ఫ్రాంకె డ్రమ్ముకఱ్ఱలను క్రిందబెట్టి, అమెరికాలో రాబర్ట్ మూగ్ అను ఇంజనీరు 1964 నుండి నిర్మించుచు వచ్చిన సింథసైజరు వైపు తిరిగెను.

ఇచ్చట ఆ యంత్రమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఆనాటి సింథసైజరు నేటి కీబోర్డువలె ఒడిలో ఇముడునది కాదు. బీరువాయంత పెట్టె, దాని ముఖమునిండ త్రిప్పుడు మీటలు, టెలిఫోను కేంద్రములోవలె వ్రేలాడు తీగెలు. అందు ధ్వనిని పుట్టించు భాగమొకటి, ఆ ధ్వనిలోని వాడిని తగ్గించి హెచ్చించు భాగమొకటి. ఎంత వోల్టు ఇచ్చిన అంత ఎత్తు స్వరము పలుకును. ఒక వోల్టు హెచ్చినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. వోల్టులో 12వ వంతు హెచ్చినచో అర్ధస్వరము పైకి పోవును. దీనికి తోడు సీక్వెన్సరు అను మరియొక భాగము కలదు. దానిపై వరుసకు 8 చొప్పున 3 వరుసల మీటలు. ఒక్కొక్క మీటను ఒక్కొక్క స్వరమునకు సరిచేసి విడిచినచో, యంత్రము ఒకటి మొదలు ఎనిమిది వరకు నడచి, మరల ఒకటికి వచ్చి, ఆపువరకు అలుపులేక తిరుగును.

ఇంతవరకు విన్నవారు, తలిదండ్రులు చెప్పినదే నిజమైనదిగదా అందురు. నిజమే, అట్లు విడిచిపెట్టినచో అది గానుగెద్దు నడక. ఫ్రాంకె దానిని విడిచిపెట్టలేదు. యంత్రము నడచుచుండగానే ఒక మీటను వెండ్రుకవాసి త్రిప్పి ఒక స్వరమును మార్చును. ఒక అడుగును మౌనపరచును. ధ్వనిలోని వాడిని మెల్లగా తెరచి, అదే ఎనిమిది స్వరములు దూరమున నుండి దగ్గరకు వచ్చుచున్నట్లు చేయును. వినువాడు ఎప్పుడు మారెనో గుర్తింపడు, మారినదని మాత్రము తెలిసికొనును. ఎంతకాలము మార్చకయుండవలెనో, ఏ క్షణమున మార్చవలెనో తెలియుట డ్రమ్ములవాని విద్య. చేతులతో కొట్టుట మానెను గాని, కాలమును కొలుచు బుద్ధిని మానలేదు. ‘టాంజరిన్ డ్రీమ్’ సంగీతములో రక్తనాడివలె కొట్టుకొను ఆ క్రిందిస్థాయి స్వరమాల ఆయన కానుక.

1973 చివర ఈ మువ్వురు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు జిల్లాలో మానర్ అను ధ్వనిశాలయందు ఒక ఆల్బమును రికార్డు చేసిరి. 1974 ఫిబ్రవరిలో వెలువడిన ఆ ‘ఫేడ్రా’ ఇంగ్లండు విక్రయ పట్టికలో 15వ స్థానము నందినది. మాటలు లేవు, గాయకుడు లేడు, మొదటి రచన 17 నిముషములు. అట్టి సంగీతమునకు ఆ స్థానము దొరకుట ఆనాడు వింతయే. ఆ మొదటి రచనలో ఒక విశేషమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ఆనాటి యంత్రములు వేడికి శ్రుతి తప్పెడివి. విద్యుత్తు ప్రవహించి లోపలి భాగములు వేడెక్కినకొలది స్వరము జరిగిపోయెడిది. సభలోని వేడికి మృదంగము శ్రుతి తప్పగా, విద్వాంసుడు రాయి పుచ్చుకొని అంచున తట్టుట మనము చూచుచునే యున్నాము. ఇదియు అట్టిదే. ‘ఫేడ్రా’ రచన సంకల్పించి రికార్డు చేసినది కాదు, వారు తమకుతామే వాయించుకొనుచుండగా అనుకోకుండ టేపుపైకి ఎక్కినది. అందు చివరి భాగమువైపు యంత్రములు వేడెక్కి స్వరములు జరుగుట వినబడును. వారు దానిని చెరిపివేసి మరల శుభ్రముగా వాయింపవచ్చును. అట్లు చేయక దానినే నిలుపుకొనిరి. అలుపెరుగదనుకొన్న యంత్రము అలసిన మనుష్యునివలె తడబడిన ఆ ఘట్టము ఆ ఆల్బమునందు మాకు మిక్కిలి ప్రియమైనది.

క్రైస్తవ పాఠశాల పత్రికలో విడువరాని సంగతి మరియొకటి కలదు. 1974 డిసెంబరు 13వ తేదీ రాత్రి ఈ బృందము ఫ్రాన్సు దేశమున రీమ్స్ కథీడ్రల్‌లో కచేరి చేసెను. ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకములు జరిగిన దేవాలయమది. 1914లో జర్మను ఫిరంగులచే దెబ్బతినినదియు అదియే. ఆ రాత్రి పట్టుదలకు మించి జనము వచ్చిరి. దేవాలయ మర్యాద చెడినదని గొప్ప ఆక్షేపణ బయలుదేరెను. ఆక్షేపించినవారిని మేము తప్పుపట్టము. పరిశుద్ధస్థలమును కాపాడుట వారి విధి. అయితే తప్పు జనమును అదుపుచేయని ఏర్పాట్లదా, సంగీతముదా అని వేరుపరచి చూడవలెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో అదే బృందము ఇంగ్లండులో కోవెంట్రీ కథీడ్రల్‌లో వాయించెను. 1940 నవంబరులో జర్మను విమానములు ఆ పాత కథీడ్రల్‌ను కాల్చివేసెను. ఆ శిథిలములను అట్లే యుంచి, ప్రక్కన క్రొత్తదానిని కట్టి 1962లో ప్రతిష్ఠించిరి. కాలిన దూలములతో చేసిన సిలువ ఆ స్థలమునకు గురుతు. అట్టి చోటికి, యుద్ధమైన పిదప పెరిగిన జర్మను యువకులను పిలిచి వాయింపుడని చోటిచ్చుట చిన్న సంగతి కాదు. ఏ మాటయు లేని సంగీతమే ఆ సందర్భమునకు తగినదేమో!

విద్యుద్వాద్యము దేవాలయమునకు తగునా అను ప్రశ్న ఇంకను కొందరు అడుగుదురు. 150వ కీర్తనలో వాద్యముల పట్టిక యున్నది గాని నిషేధముల పట్టిక లేదు. మన తెలుగు సంఘములలో కీర్తనలకు తోడుగా నిలిచిన హార్మోనియమును గూర్చియు ఒకప్పుడు ఇట్టి వివాదమే జరిగినది. అది మన సంగీతమునకు సరిపడదని ఆలిండియా రేడియో 1940 మొదలు 1971 వరకు దానిని దూరముంచెను.

తరువాతి పదియేండ్లను త్వరగా దాటుదము. 1977లో బౌమన్ వెడలిపోయెను. అదే సంవత్సరము ‘సార్సరర్’ అను చిత్రమునకు ఈ బృందము సంగీతమిచ్చెను. తరువాత ‘థీఫ్’ (1981), ‘రిస్కీ బిజినెస్’ (1983) మొదలగు చిత్రములు వరుసగా వచ్చినవి. పని పెరిగినకొలది సాహసము తగ్గినదని మా అభిప్రాయము. ఫ్రాంకెకును తృప్తి లేకుండెనేమో, 1987లో బృందమును విడిచెను. ఫ్రోజె మాత్రము 2015లో మరణించువరకు దానిని నడిపెను.

ఫ్రాంకె అమెరికాలో లాస్ ఏంజిలీసు చేరి, 1991లో ‘పసిఫిక్ కోస్ట్ హైవే’ అను తన సొంత ఆల్బమును వెలువరించెను. కాలిఫోర్నియా సముద్రతీరమున సాగు రహదారి పేరది. బెర్లిను నాటి చీకటి అందు లేదు. పాడుకొనదగిన రాగములు, తేటయైన స్వరములు, ఎండలో ప్రయాణము. కొందరు పాత శ్రోతలు దానిని మరీ మెత్తనిదని నిందించిరి. ఆ నిందలో కొంత నిజము లేకపోలేదు. కాని పదునేడేండ్లు మేళములో ఇతరుల రాగములకు నడక సమకూర్చినవాడు తన రాగమును తాను పాడుకొనదలచుట సహజమే. 1992లో ‘లండన్ కన్సర్ట్’ వచ్చెను. ‘క్లెమానియా’ అను ఆల్బములో మరల దీర్ఘరచనలకును సీక్వెన్సరు నడకకును తిరిగివచ్చెను. పాత విద్య ఎంతమాత్రము తుప్పుపట్టలేదని దానివలన తెలియుచున్నది. 1996లో ‘సెలెస్టైన్ ప్రాఫెసీ’ అను నవలను అనుసరించి మరియొక ఆల్బము కూర్చెను. ఆ నవలలోని బోధ మన విశ్వాసమునకు ఒప్పునది కాదు. సంగీతమును సంగీతముగా వినుటకు అది అడ్డురాదు.

ఇక ‘బాబిలోన్ 5’. అంతరిక్షమున నానాజాతుల రాయబారులు కూడి యుద్ధమును తప్పింపజూచు ఒక స్థావరము యొక్క కథ ఇది. రచయిత జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ. అయిదు సంవత్సరములు, 110 భాగములు, అన్నియు కలిసి ఒకే నవలవలె నడచును. 1993లో వచ్చిన తొలి చిత్రమునకు సంగీతమిచ్చినవాడు స్టూవర్ట్ కోప్లండ్. ఆయనయు డ్రమ్ముల వాద్యకుడే యగుట తమాషా. వరుస కథ ఆరంభమైనప్పుడు పని ఫ్రాంకెకు వచ్చెను. 1998లో తొలి చిత్రమును మరల కూర్చినప్పుడు దానికిని ఆయన సంగీతమునే చేర్చిరి.

ఏటికి 22 భాగములు, ప్రతిదానికి క్రొత్త సంగీతము. ఇట్టి పనిలో మీట నొక్కి విడుచుటకు శోధన ఎంత బలమైనదో ఊహింపుడు. ఫ్రాంకె యంత్రధ్వనులతో తృప్తిపడక, తాను స్థాపించిన బెర్లిన్ సింఫనిక్ ఫిల్మ్ ఆర్కెస్ట్రా వాద్యకుల చేత తీగెవాద్యములను, బాకాలను వాయింపించి వానితో జోడించెను. బెర్లినులోని మనుష్యుల ఊపిరియు, లాస్ ఏంజిలీసులోని యంత్రపు నాడియు ఒకే పాటలో కలిసినవి. కథ చీకటిపడినకొలది ఆరంభగీతమును కూడ మార్చుచు వచ్చెను. 1996లో ప్రసారమైన ‘సెవర్డ్ డ్రీమ్స్’ అను భాగమును వినుడు. స్థావరపు అధిపతి తన సొంత ప్రభుత్వమును ఎదిరించి వేరుపడు ఘట్టమది. అందు యుద్ధపు సందడి క్రింద కొట్టుకొను స్వరమాల 1974 నాటి ‘ఫేడ్రా’కు మనుమరాలు. అయితే ఇచ్చట అది కథకు చోటిచ్చి ఒదుగును. పాత్రలు మాటలాడునప్పుడు తగ్గును, మాట ముగిసిన చోట తిరిగి లేచును.

వినదలచిన విద్యార్థులు ‘పసిఫిక్ కోస్ట్ హైవే’తో మొదలుపెట్టి, ‘బాబిలోన్ 5’ ఆల్బమునకు పోయి, ‘ఫేడ్రా’ను చివర వినుట మేలు. ‘ఫేడ్రా’ వినునప్పుడు చేతితో తాళము వేయుచు, ఏ ఆవృత్తములో ఏ స్వరము మారినదో కాగితముపై గుర్తుపెట్టుకొనుడు. రెండుమూడు మారులు వినిననే గాని సగమైనను దొరకవు. టెలిఫోను స్పీకరులో వినవద్దు. అసలు పని జరుగు క్రిందిస్థాయి స్వరములు అందు వినబడవు.